కొండమీద పాత బంగళా: రూము ఫొటోలు చూసే ముందు నీళ్ల సంగతి అడగండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: రాయగడలో ఉంటున్నారు. డిసెంబర్ చివర్లో మూడు రాత్రులు దక్షిణ ఒడిశాలోని కోరాపుట్ కొండల్లో ఉండాలని ఉంది. బాగుచేసి గెస్ట్‌హౌస్‌గా మార్చిన పాత పీడబ్ల్యూడీ (ప్రజా పనుల శాఖ) బంగళా ఒకటి చూసుకున్నారు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు, పిల్లలిద్దరూ చిన్నవాళ్లు. విజయనగరం నుంచి తమ్ముడి కుటుంబం వచ్చి అక్కడ కలుస్తారు. ‘ఎకో ఫ్రెండ్లీ’ అని బోర్డు పెట్టుకుని సిమిలిగుడ హోటల్ రేటుకి రెట్టింపు అడుగుతున్నారు. డబ్బుకు తగ్గట్టు ఉంటుందా, పెద్దావిడ ఇబ్బంది పడతారా, ఫోన్ చేసి ఏమేం కనుక్కోవాలి?

వెళ్లండి. కాకపోతే అడ్వాన్స్ కొట్టేముందు ఒకసారి ఫోన్ చేసి నీళ్ల గురించి అడగండి. తాగే నీళ్లు, స్నానం నీళ్లు, కప్పుమీద పడే వాన నీళ్లు, మీరు వాడి వదిలేసే నీళ్లు. రూము ఎంత పెద్దది, బ్రేక్‌ఫాస్ట్ అందులోనే కలిసిందా అన్నవి తర్వాత. నేను జయపురంలో ఉంటూ పాత కట్టడాల మరమ్మతులు చేయిస్తుంటాను. ఎక్కడికెళ్లినా గోడల కింద చెమ్మే చూస్తానని ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీండి. కొండమీద వందేళ్ల బంగళా నిలబడిందన్నా, కూలిందన్నా, అందులో దిగినవాళ్లు సుఖపడ్డారన్నా, తిట్టుకుంటూ వచ్చేశారన్నా, తవ్వి చూస్తే కారణం ఎక్కువసార్లు నీళ్లే.

ముందు ఈ బంగళాల పుట్టుపూర్వోత్తరాలు కాస్త. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడేదాకా కోరాపుట్ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లా కింద ఉండేది. అందుకే ఇక్కడి పాత ఐబీలు (ఇన్‌స్పెక్షన్ బంగళాలు), ముసాఫిర్ బంగళాలు, ఫారెస్ట్ రెస్ట్‌హౌస్‌లు మీరు సాలూరు, పార్వతీపురం వైపు చూసినవాటి తీరులోనే ఉంటాయి. ఎత్తుగా లేపిన అరుగు, చుట్టూ లోతైన వరండా, ఒకటిన్నర రెండడుగుల మందాన గోడలు, సున్నం కట్టుబడి, నిటారుగా పెంకు కప్పు. క్యాంపుకొచ్చే దొరల కోసం, ఇంజనీర్ల కోసం, తాసీల్దార్ల కోసం కట్టినవి. రాళ్లు కొట్టిందీ, దూలాలు మోసిందీ, పల్లకీ ఎత్తిందీ మాత్రం కొండవాళ్లు, చాలాచోట్ల వెట్టికి. అప్పు కింద మనిషినే పనికి కట్టేసుకునే ‘గోతి’ పద్ధతి ఈ కొండల్లో ఉండేది. దాన్ని రద్దుచేస్తూ రెగ్యులేషన్ వచ్చింది 1948లో. హాల్లో చచ్చిన పులిమీద కాలుపెట్టిన దొర ఫొటో పెట్టి అదే చరిత్ర అంటే, పిల్లలకు ఇవతలి సంగతి మీరు చెప్పండి. క్విట్ ఇండియా ఉద్యమంలో, 1942 ఆగస్టు 21న మాథిలిలో జరిగిన పోలీసు కాల్పుల తర్వాత కేసులో ఇరికించి, 1943 మార్చి 29న బరంపురం జైల్లో ఉరితీసిన లక్ష్మణ నాయక్ అప్పటి కోరాపుట్ జిల్లా మనిషే. పిల్లలకి కథగా చెప్పడానికి పులివేట కంటే ఆయన బతుకు ఎక్కువ పనికొస్తుంది.

ఇక గోడలు. నాకు చెప్పాలనిపించేదంతా ఇక్కడే ఉంది, కాస్త ఓపిక పట్టండి.

పాత గోడకి పునాది దగ్గర చెమ్మని ఆపే పొర ఉండదు. నేలలో ఉన్న తడి మెల్లగా గోడలోకి ఎక్కుతూనే ఉంటుంది. కోరాపుట్‌లో ఏడాదికి సుమారు 1500 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అందులో పెద్ద భాగం నాలుగు నెలల్లోనే. అయినా ఆ గోడలు ఇన్నేళ్లు నిలిచాయంటే సున్నం పూత వల్లే. ఎక్కిన తడిని అది ఎక్కడికక్కడ బయటికి వదిలేస్తుంది, చలికాలం ఎండకి గోడ ఆరిపోతుంది. ఇది తెలియని కాంట్రాక్టరు ఎవరో వచ్చి, పూత రాలుతోందని గీకేసి, పైన సిమెంటు కొట్టి, ఎమల్షన్ పెయింటు వేస్తాడు. చెమట పట్టిన ఒంటికి రెయిన్‌కోటు తొడిగినట్టు అవుతుంది గోడ పని. లోపలి తడికి బయటికి దారి లేక ఇంకా పైకి ఎక్కుతుంది. కిటికీ ఎత్తుకి వచ్చి చౌడు పొంగుతుంది, పెయింటు బుడగలు కడుతుంది, దూలం కొన గోడలో కూర్చున్నచోట కుళ్లు మొదలవుతుంది. దాన్ని దాచడానికి ఫాల్స్ సీలింగ్ కడతారు, గోడకి చెక్క పలకలు కొడతారు. ఫొటోల్లో బ్రహ్మాండంగా ఉంటుంది. రాత్రి తలుపేసుకుంటే మాత్రం చెమ్మ వాసన, పొద్దున్నే పిల్లలకి దగ్గు.

కాబట్టి వాళ్లు పంపిన ఫొటోలు మళ్లీ తెరిచి, మంచాలూ కర్టెన్లూ వదిలేసి గోడల కింది రెండడుగులు పెద్దది చేసి చూడండి. అక్కడ రంగు తేడాగా ఉన్నా, కొత్తగా టైల్స్ అంటించి ఉన్నా, సోఫాలన్నీ సరిగ్గా గోడకి ఆనించి ఉన్నా అనుమానించండి. తర్వాత పైకి చూడండి. పెంకుల అడుగు, వాసాలు కనిపిస్తున్నాయా, తెల్లటి అట్ట సీలింగ్ కనిపిస్తోందా? కనిపించే కప్పు ఉన్నచోట దాచుకోవాల్సింది తక్కువ అన్నమాట. ఆ తర్వాత ఫోన్లో ఒకే ప్రశ్న: “గోడలకి పూత సున్నంతో చేయించారా, సిమెంటా?” సున్నం అయితే అవతలి మనిషికి ఉత్సాహం వస్తుంది, పది నిమిషాలు వదలడు. సిమెంటు అయితే మాట దాటేస్తాడు.

సున్నం పని ఎందుకంత ఖరీదో తెలిస్తే రెట్టింపు అద్దె సంగతీ కొంత తెలుస్తుంది. కాల్చిన సున్నపురాయిని తొట్టిలో నీళ్లు పోసి చల్లార్చాలి. బుసబుసమంటూ పొంగుతుంది, పక్కన నిలబడలేం. దాన్ని వారాలూ నెలలూ నానబెట్టాలి, జల్లెడ పట్టాలి, ఇసుకతో కలిపి గానుగలో తిప్పాలి. కరక్కాయ నానేసిన నీళ్లు, బెల్లం నీళ్లు పోసే మేస్త్రీలు ఇప్పటికీ ఉన్నారు. ముద్దని తాపీమీద వేసుకుని మేస్త్రీ దాన్ని తలకిందులు చేస్తాడు. జారి పడితే ఇంకా తిప్పాలి, అంటుకుని ఉండిపోతే పూతకి సిద్ధం. పూసిన తర్వాత ఒక పొర ఆరేదాకా ఇంకో పొర వెయ్యకూడదు. సిమెంటుతో వారంలో అయ్యే గదికి సున్నంతో నెలలు పడుతుంది. ఆ మేస్త్రీల పిల్లలు హైదరాబాద్, విశాఖ అపార్టుమెంట్ల పనుల్లోకి వెళ్లిపోయారు. మిగిలిన నలుగురికి అడిగినంత ఇవ్వాల్సిందే, ఇవ్వాలి కూడా.

‘ఎకో’ అన్నమాటకి ఏమైనా అర్థం ఉంటే అది ఇక్కడే. ప్రపంచంలో మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో 7, 8 శాతం దాకా సిమెంటు తయారీ నుంచే వస్తోంది. సున్నపురాయి కాల్చినప్పుడూ ఆ వాయువు బయటికి వస్తుంది గానీ, సున్నం గోడమీద గట్టిపడుతూ గాలిలోంచి దాన్ని తిరిగి లాక్కుంటుంది. అన్నిటికంటే మించి, ఉన్న గోడని పడగొట్టకుండా వాడుకోవడమే పెద్ద పొదుపు. పాత బంగళాని రిసెప్షన్‌గా మిగిల్చి, వెనకాల కొండ చెక్కి డజను కాంక్రీటు కాటేజీలు లేపి, అందరికీ వెదురు స్ట్రాలు ఇచ్చే చోట్లు కూడా ఎకో అనే రాసుకుంటున్నాయి. మీకు ఇచ్చే గది పాత కట్టడంలోదా, వెనకాల కొత్తదా అన్నది మెసేజ్‌లో రాయించుకోండి. పాత బంగళా ఫొటో చూపించి కాటేజీ తాళం చేతిలో పెట్టడం మామూలే.

సున్నం వెల్ల వేసిన గదిలో దిగితే ఒక సంగతి గుర్తుంచుకోండి. గోడకి ఆనుకుంటే చొక్కాకి తెల్లగా అంటుతుంది. రివ్యూల్లో దీనిమీద ఒక నక్షత్రం తగ్గించినవాళ్లని చూశాను. అది వెల్ల స్వభావం, దులిపేస్తే పోతుంది. పిల్లలకి నల్ల స్వెట్టర్లు కొనకండి, సరిపోతుంది.

పెంకు కప్పుకి వస్తే, మీరు వెళ్లేది డిసెంబర్ కాబట్టి కురుస్తుందన్న టెన్షన్ అక్కర్లేదు. మనం బెంగుళూరు పెంకులు అనేవి నిజానికి మంగుళూరులో 1865లో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీల ఫ్యాక్టరీతో మొదలయ్యాయి, తర్వాత మన కోస్తా అంతా పాకాయి. విరిగిన పెంకులు పెరట్లో పేర్చి ఉంటే పిల్లల్ని తిరగేసి చూడమనండి. ఒక్కోదానిమీద కంపెనీ పేరు, ముద్ర ఉంటాయి, వేరువేరు ముద్రలు కనిపిస్తే ఏ విడతలో ఎక్కడి పెంకు వేశారో ఊహించుకోవచ్చు. ఏటా వానలకి ముందు పైకెక్కి పెంకు సర్దించని బంగళా రెండో ఏటికి పాడవుతుంది. కోతి దూకినా, కొమ్మ విరిగినా ఒక పెంకు జరుగుతుంది, ఆ సందులోంచి కారిన నీళ్లు వాసాన్ని తినేస్తాయి.

రాత్రి కప్పు చప్పుడు చేస్తుంది. పగటి వేడికి వ్యాకోచించిన పెంకులు, చెక్కలు చల్లబడుతూ టక్కు టక్కుమంటాయి. మానుపిల్లి ఒకటి కప్పుమీద తిరగడం కూడా ఉంటుంది. ఇదే ఊళ్లో వాళ్ల నోట దయ్యం కథ అవుతుంది. వంటవాడు సాయంత్రం ఆ కథ మొదలుపెట్టకముందే పిల్లలకి అసలు సంగతి చెప్పి ఉంచండి, లేకపోతే మూడు రాత్రులూ మీ మంచంలోనే.

చలి మాత్రం నిజం. సిమిలిగుడ, పొట్టంగి వైపు డిసెంబర్, జనవరిల్లో తెల్లవారుజామున పది డిగ్రీల కిందికి దిగుతుంది. మందపు గోడలు ఎండాకాలంలో ఎంత చల్లనో చలికాలంలో అంత మొండివి, ఒకసారి చల్లబడితే మధ్యాహ్నందాకా వేడెక్కవు. ఇలాంటి ఇంట్లో ఏసీ స్విచ్‌లు ఉండవు. తలుపులూ కిటికీలే స్విచ్‌లు. పదింటికి మంచు విడిపోగానే ఎండ పడేవైపు కిటికీలన్నీ బార్లా తెరవండి. నాలుగు దాటగానే అన్నీ మూసేయండి, పైనున్న వెంటిలేటర్లని మాత్రం పూర్తిగా మూయకండి. కేర్‌టేకరుకి ఇదంతా అలవాటే, కానీ గెస్టులు వద్దంటారేమోనని గదిలోకి రాడు. మీరే రమ్మనండి.

ఫైర్‌ప్లేస్ కనిపిస్తే వెలిగించమని అడగాలనిపిస్తుంది. ముందు ఆ పొగగొట్టం వాడుకలో ఉందా, ఈ ఏడాది శుభ్రం చేయించారా అడగండి. చాలాచోట్ల పెంకు సర్దినప్పుడు పైన మూసేసి ఉంటారు. అన్నిటికంటే ముఖ్యం: చలిగా ఉందని బొగ్గుల కుంపటి గదిలోకి తెచ్చి తలుపులు వేసుకుని పడుకోవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. నెగడు కావాలంటే బయట, వరండాకి దూరంగా వేయించుకోండి. అత్తగారికి రబ్బరు సంచిలో వేడినీళ్లు పోసి కాళ్ల దగ్గర పెడితే చాలు, రెండు బొంతలు ఎక్కువ అడగండి.

వేడినీళ్ల సంగతి ఫోన్లోనే తేల్చుకోవాలి. “సోలార్ ఉందండీ, ఇరవై నాలుగ్గంటలూ వేడినీళ్లే” అంటారు. ముందురోజు ఎండ కాసి ఉంటే నిజమే, మంచు పట్టి ముసురుగా ఉంటే పొద్దుటికి గోరువెచ్చగానే వస్తాయి. అప్పుడు వేరే ఏర్పాటేమిటి? కట్టెల బాయిలరు, రాగి కాగు పెట్టుకున్నచోట పెద్దవాళ్లకి నిశ్చింత. కేర్‌టేకరు చీకట్నే లేచి కాగు వెలిగిస్తాడు. ఏడింటికి ఒక్కో బాత్‌రూమ్‌కి రెండేసి బకెట్లు వస్తాయి. ముందురాత్రే ఎంతమందికి, ఏ టైముకి కావాలో చెప్పి ఉంచండి. అందరూ ఒకేసారి ఎనిమిదింటికి అడిగితే పాపం అతను ఒక్కడు.

షవర్ లేదని చిన్నబుచ్చుకోకండి. ఆ నీళ్లు ఎక్కడివో చూస్తే మీకే వద్దనిపిస్తుంది. కొండమీద బంగళాలకి నీళ్లు ఎక్కువగా పైనున్న ఊటల నుంచి పైపులో కిందికి జారి వస్తాయి, లేదా బోరు. అదే ఊట కింద గెడ్డగా, అంటే వాగుగా మారి, ఊరికి తాగడానికీ, మడికీ సరిపోవాలి. ఇంటింటికీ కుళాయి నీళ్లిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ పల్లెల్లో మనిషికి రోజుకి 55 లీటర్లు లెక్క పెట్టుకుంది. పట్నం షవర్ కింద పది నిమిషాలు నిలబడితే ఆ 55 దాటి చాలాదూరం పోతాం, బకెట్ స్నానానికి ఇరవై చాలు. డిసెంబర్‌లో ఊటలు నిండుగానే ఉంటాయి, అసలు పరీక్ష మార్చి నుంచి మే దాకా. అందుకే “ఎండాకాలంలో నీళ్లెలా?” అని అడగండి, మీరు వెళ్లేది చలికాలమే అయినా సరే. ట్యాంకర్లు తెప్పిస్తామంటే ఒక లెక్క, గదులు సగం మూసేస్తామంటే ఇంకో లెక్క. రెండో జవాబు చెప్పేవాడికి నేను కళ్లుమూసుకుని డబ్బు కడతాను. స్విమ్మింగ్ పూల్ ఉందని గొప్పగా చెబితే ఫోన్ పెట్టేయండి.

వాడిన నీళ్లు ఎటు పోతున్నాయో అక్కడికి చేరాక పిల్లల్ని వెంటబెట్టుకుని చూడొచ్చు. బాత్‌రూమ్ వెనక తూము దగ్గర మొదలుపెట్టి నడవండి. మెట్టతామర, రెల్లులాంటివి వేసిన గులకరాళ్ల మడిలోకి పోయి, అక్కడి నుంచి కూరగాయల మళ్లకో అరటి చెట్లకో చేరుతుంటే ఆ యజమానికి పని తెలుసు. తిన్నగా గెడ్డలోకి పోతుంటే గుమ్మం ముందు ఎన్ని మొక్కలు పెట్టినా దండగ. సెప్టిక్ ట్యాంకు ఊటకి ఎగువన లేదుగదా అన్నది కూడా చూసుకోవాల్సిందే. తాగడానికి మాత్రం మరగబెట్టినవే అడగండి, లేదా మీ సొంత ఫిల్టర్ బాటిల్ తెచ్చుకోండి. కేసులకి కేసులు బిస్లరీలు డిక్కీలో వేసుకొచ్చి, ఖాళీ సీసాలు అక్కడ వదిలేసి వెళ్తే వాటిని తీసుకుపోయే మునిసిపాలిటీ బండి ఆ కొండమీదికి రాదు. మీ చెత్త సంచి మీతోనే రాయగడకి వెనక్కి రావాలి.

కరెంటు విషయం క్లుప్తంగా: సోలార్ బ్యాటరీమీద నడిచేచోట కెటిల్, ఇస్త్రీపెట్టె, హెయిర్ డ్రయ్యర్ పెట్టకండి. ఒక్కో కెటిల్ 1500 వాట్లు లాగుతుంది, ఇల్లంతా చీకటవుతుంది. టార్చి తెచ్చుకోండి. సిగ్నల్ అన్ని నెట్‌వర్క్‌లకీ ఉండదు. ఏది పనిచేస్తుందో అడిగి ఆ సిమ్ ఒకటి ఉంచుకోండి.

ఇప్పుడు మీ అత్తగారు. పాత బంగళా పెద్దవాళ్లకి అనుకూలం కాదు, అయ్యేలా చేసుకోవాలి. అరుగు మూడడుగుల ఎత్తున ఉంటుంది, మెట్లకి చాలాచోట్ల పట్టుకోను రెయిలింగ్ ఉండదు. గదికీ గదికీ మధ్య ఎత్తు గడపలు ఉంటాయి, చీకట్లో కాలు తగులుతుంది. బాత్‌రూమ్ గది కంటే ఒక మెట్టు పల్లంలో ఉంటుంది. మెట్లు ఎన్ని, రెయిలింగ్ ఉందా, కమోడ్ వెస్టర్నా, దాని పక్కన పట్టుకోడానికి కడ్డీ ఉందా, మంచం ఎత్తెంత: ఈ ప్రశ్నలకి జవాబు ఫొటో తీసి పంపమనండి. మాటలమీద వదలొద్దు. వంటింటి వెనకవైపు సామాన్లు దించే చోట ర్యాంపులాంటి వాలు తరచూ ఉంటుంది. కారు అటు తీసుకెళ్లి ఆవిణ్ణి అక్కడే దించొచ్చు.

ఆ బాత్‌రూమ్‌కి బయటికి తెరుచుకునే రెండో తలుపు ఒకటి ఉంటుంది, గమనించండి. దొరల కాలంలో మలం ఎత్తే మనిషి ఇంట్లోవాళ్లకి కనిపించకుండా వచ్చిపోవడానికి పెట్టిన తలుపది. ఇప్పుడు దాని పని లేదు, కానీ గడియ సరిగ్గా పడకపోతే చల్లగాలీ, పాములూ అక్కణ్ణుంచే వస్తాయి. పడుకోబోయే ముందు చూసుకోండి.

ఆవిడకి అసలైన చోటు వరండా. పొద్దున్న ఎండ తగిలే మూల ఒక పడకకుర్చీ వేయించి, టీ ఇప్పిస్తే మధ్యాహ్నందాకా లేవరు. అరకు పక్కనే ఉంది, దేవమాలి చూడాలి, దుడుమ జలపాతం చూడాలి, గుప్తేశ్వరం గుహ గుడి చూడాలి అని రోజంతా కార్లో కూర్చోబెట్టొద్దు. ఇంత ఖర్చుపెట్టి కారు సీటులో గడపడం దండగ. ఒక్కరోజు పిల్లల్ని తీసుకుని దేవమాలికి వెళ్లిరండి. 1672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైన కొండ. రోడ్డు బాగా పైదాకా ఉంది కాబట్టి పిల్లలు నడవగలరు. మిగిలిన రెండు రోజులూ బంగళా చుట్టుపక్కలే తిరగండి. కాఫీ తోటలు ఉంటే డిసెంబర్‌లో పండు కోత చూడొచ్చు. ఇక్కడ కాఫీని 1930లలో జయపురం రాజావారి చొరవతో వేయడం మొదలుపెట్టారు. ఇప్పుడు గిరిజన రైతులే సాగుచేస్తున్న తోటలు చాలా ఉన్నాయి. వలిసె (నూనెగింజ పంట) పూలు ఇంకా మిగిలి ఉంటే మెట్టలు పసుపుపచ్చగా ఉంటాయి. సంత రోజు కలిసొస్తే తప్పకుండా వెళ్లండి, కానీ మనుషుల మొహంలోకి ఫోన్ పెట్టి ఫొటోలు తీయకండి. ముందు అడగండి, వద్దంటే ఊరుకోండి.

తిండి దగ్గర ఒక సలహా. పనీర్ బటర్ మసాలా అడిగితే ఆ పనీరు, ఆ క్రీము కోరాపుట్ నుంచో విశాఖ నుంచో లారీ ఎక్కి రావాలి, రుచీ అంతంతమాత్రం. చోడి (రాగి) అంబలి అడగండి, దాన్నే ఇక్కడ మాండియా పేజ్ అంటారు. వెదురు కొమ్ముల కూర, కందులు, చిలగడదుంపలు, నాటుకోడి అడగండి. అన్నానికి కాలాజీరా బియ్యం దొరికితే అదృష్టం. దాని వడ్లు నల్లగా జీలకర్రలా ఉంటాయి, బియ్యం ఉడుకుతుంటే ఇల్లంతా వాసన. కోరాపుట్ కాలాజీరా బియ్యానికి 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. కోరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ఐక్యరాజ్యసమితి వారి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్ఏఓ 2012లోనే ప్రపంచ వారసత్వ సేద్య పద్ధతుల్లో చేర్చింది. అత్తగారికి కారం తగ్గించమని వంటవాడితో తెలుగులోనే చెప్పొచ్చు. ఇక్కడి ఒడియా యాస దేశియా మాట్లాడేవాళ్లలో చాలామందికి తెలుగు వచ్చు. వంట ఊళ్లోవాళ్లు చేస్తున్నారా, బయటి నుంచి తెచ్చిన చెఫ్ చేస్తున్నాడా అన్నదాన్నిబట్టి మీరు కట్టే డబ్బు ఎక్కడికి పోతోందో కూడా తెలుస్తుంది.

ఆరోగ్యం సంగతి తేలిగ్గా తీసుకోకండి. దక్షిణ ఒడిశా జిల్లాలు చాలాకాలం మలేరియాకి పేరుమోసినవి. ఇప్పుడు బాగా తగ్గింది గానీ పోలేదు, పైగా ఇక్కడ ఎక్కువగా వచ్చేది ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన రకం. దోమతెర ఉందా అని అడగండి, లేకపోతే మీ ఇంటివి తెచ్చుకోండి, పిల్లలకి సాయంత్రం నిండు చేతుల చొక్కాలు వేయండి. తిరిగి వెళ్లిన రెండు మూడు వారాల్లో ఎవరికైనా చలిజ్వరం వస్తే పారాసిటమాల్ వేసి ఊరుకోకుండా రక్తపరీక్ష చేయించండి, ఏజెన్సీకి వెళ్లొచ్చామని డాక్టరుకి చెప్పండి. గడ్డిలో ఆడి వచ్చాక పిల్లల బట్టలు మార్పించి, ఒంటిమీద పురుగు కాట్లేమైనా ఉన్నాయేమో చూడండి. చిన్న పురుగు కాటువల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం కూడా ఈ కాలంలోనే వస్తుంది. అత్తగారి మందులు రెండు రోజులకి ఎక్కువే పెట్టుకోండి.

రెట్టింపు రేటు సబబేనా అంటే, సున్నం గోడ, కనిపించే పెంకు కప్పు, కాగు వేడినీళ్లు, ఊరివాళ్ల ఉద్యోగాలు ఉంటే సబబే. ఆ ఇంటికి ఏటా వెల్ల, ఏటా పెంకు సర్దడం, చెదలకి మందు, ఇవన్నీ మీ అద్దెలోంచే రావాలి. అవేవీ లేకుండా పాత తలుపులు, ఇత్తడి గడియలు మాత్రం చూపిస్తుంటే సిమిలిగుడ హోటలే నయం. అక్కడ కనీసం లిఫ్టు ఉందేమో అడగొచ్చు. మధ్యేమార్గం కావాలంటే అటవీ శాఖ నేచర్ క్యాంపులు ఉన్నాయి, ఈకోటూర్ ఒడిశా వెబ్‌సైట్‌లో బుక్ చేసుకోవచ్చు. చరిత్ర ఉండదు కానీ చుట్టుపక్కల ఊళ్లవాళ్లే నడుపుతారు. క్రిస్మస్ నుంచి సంక్రాంతి దాకా అన్నీ నిండిపోతాయి, ఇప్పుడే చూడండి. రద్దు చేసుకుంటే ఎంత వెనక్కి ఇస్తారో రాతలో తీసుకోండి. ఇలాంటి చిన్నచోట్ల అడ్వాన్స్ వెనక్కి రాబట్టడం గగనం.

మీరు రాయగడ నుంచి రైల్లో రండి. లక్ష్మీపూర్ రోడ్, దమన్‌జోడి మీదుగా సొరంగాల్లోంచి వచ్చే దారి, పిల్లలకి అదే సగం పిక్నిక్కు. అత్తగారికీ ఘాట్ మలుపుల్లో కడుపు తిప్పడం ఉండదు. స్టేషన్‌కి బండి పంపమని గెస్ట్‌హౌస్ వాళ్లకి చెప్పండి. తమ్ముడి వాళ్లు విజయనగరం నుంచి కారులో అయితే సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కి, పొట్టంగి మీదుగా రావాలి. ఆ రోడ్డుమీద లారీలు ఎక్కువ, చీకటిపడ్డాక మంచు దిగితే ముందు బండి లైటు కూడా కనిపించదు. మధ్యాహ్నం భోజనం సాలూరులో చేసి, మూడింటికల్లా ఘాట్ మొదలుపెట్టమనండి. ట్యాంకు అక్కడే ఫుల్ చేయించుకోమనండి.